గాయం మీద నల్ల స్పాంజి

హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాకకు ఒక రోడ్డు వెళ్తుంది. పక్కనే నాచారం పారిశ్రామికవాడ. లారీలు, బైకులు, ప్రెస్ మెషీన్లు ఉన్నచోట కాళ్లూ చేతులూ నలిగే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. అలాంటప్పుడు ఎముక విరగడంతో ఆగదు. కండ చీలి, ఎముక బయటికి కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని ఓపెన్ ఫ్రాక్చర్ అంటారు. విరిగిన ఎముక కన్నా తెరుచుకున్న ఆ గాయమే వాళ్లను ఎక్కువ భయపెడుతుంది. మట్టీ, సూక్ష్మజీవులూ నేరుగా ఎముక దాకా పోతాయి మరి.

అలాంటి గాయానికి కాపలా కాసేదే వార్డుల్లో అందరూ ‘వ్యాక్’ అని పిలిచే యంత్రం.

అది గాయంలోని రసిని పీల్చేస్తుంది. పీల్చి నయం చేయడం మనకు కొత్త కాదు. కొమ్ముతో, సొరకాయ బుర్రతో రక్తం లాగే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. గాయం మీద స్పాంజి పెట్టి, రోజుల తరబడి సన్నగా లాగుతూ ఉండటం మాత్రం ఇటీవలి ఆలోచన. జర్మనీలో ఫ్లైష్‌మన్ బృందం ఓపెన్ ఫ్రాక్చర్ల మీద దీన్ని వాడి 1993లో ఫలితాలు ప్రచురించింది. అమెరికాలో ఆర్జెంటా, మోరిక్వాస్ పందుల మీద పరీక్షించారు. 125 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో లాగితే గాయం దగ్గర రక్తప్రసరణ నాలుగు రెట్లు అయిందని 1997లో రాశారు. ఈనాటికీ ఎక్కువగా వాడే పీడనం అదే.

ముందు గాయాన్ని కడిగి, చచ్చిన కండను కోసి తీసేస్తారు. నల్లటి పాలియురేథేన్ స్పాంజిని గాయం కొలతకు కత్తిరించి అందులో అమర్చి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటిస్తారు. పొరకు చిన్న రంధ్రం చేసి గొట్టం బిగిస్తారు. మోటారు వేయగానే ఉబ్బెత్తుగా ఉన్న స్పాంజి గట్టిగా ముడుచుకుపోతుంది. ఎక్కడో ‘సుయ్’మని వినిపిస్తే గాలి లీకవుతున్నట్టే, అక్కడ ఇంకో ముక్క అంటించాలి. రసి గొట్టంలోంచి డబ్బాలోకి దిగుతుంది. రెండు మూడు రోజులకోసారి స్పాంజి మారుస్తారు. అన్నీ కుదిరితే అడుగున ఎర్రగా, గరుకుగా కొత్త కండ మొలుస్తుంది. అప్పుడు చర్మం అతకవచ్చు.

అయితే దీన్ని మంత్రదండం అనుకోకూడదు. 2009 నాటి ఒక చిన్న అధ్యయనంలో మామూలు కట్టు కట్టినవాళ్లలో 28 శాతానికి ఇన్ఫెక్షన్ వస్తే, వ్యాక్ పెట్టినవాళ్లలో 5.4 శాతానికే వచ్చింది. అందరూ సంబరపడ్డారు. 2018లో బ్రిటన్‌లో 460 మంది మీద జరిపిన పరీక్షలో మాత్రం ఏడాది తర్వాత రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అసలు వైద్యం శుభ్రంగా కడగడమే, సమయానికి గాయాన్ని మూయడమే. యంత్రం ఈలోగా గాయాన్ని కాస్తుంది, అంతే. వ్యాక్ పెట్టించడం కోసం ఏ కుటుంబమూ అప్పులపాలు కానక్కర్లేదు. పెట్టినప్పుడు డబ్బాలో ఒక్కసారిగా ఎర్రటి రక్తం నిండితే మాత్రం క్షణం ఆగకుండా నర్సును పిలవాలి.

ఎముక బయటపడిన గాయం మీద పసుపు, కాఫీపొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోన్ చేయండి.