వెనకనుంచి గుద్దితే తప్పెవరిది?



రోడ్డు మీద రెండు బళ్ళు గుద్దుకుంటే, చుట్టూ చేరిన జనం క్షణంలో తీర్పు చెప్పేస్తారు, "వెనకవాడిదే తప్పు" అని. చాలాసార్లు అది నిజమే. అన్నిసార్లూ కాదు. ఆ తేడా తెలియక, న్యాయంగా రావలసిన పరిహారం వదులుకునే ఇళ్ళున్నాయి.

మా పక్క వాటాలో వుండే అమ్మాయి సంగతి చెబుతాను. ఒక రాత్రి ఆమె భర్త స్కూటరు మీద ఇంటికి వస్తూ, రోడ్డు మీద ఆగివున్న లారీని గుద్దుకున్నాడు. మనిషి దక్కలేదు. నెల తిరక్కుండానే బంధువులంతా "వెళ్ళి గుద్దింది మనవాడే గదా, ఇంక కేసేమిటి?" అనేశారు. ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ అమ్మాయి నన్నడిగింది, "నిజమేనా పిన్నిగారూ?" అని. నేను పదో తరగతి చదువుకున్న గృహిణిని, వకీలును కాను. అందుకని తెలిసిన వకీలుగారిని అడిగాను. ఆయన చెప్పినవే మీకూ చెబుతున్నాను.

మరిగే గంజి గిన్నె పట్టుకుని వెళ్ళే మనిషి వెనక మనం ఎలా నడుస్తాం? ఆమె టక్కున ఆగినా తగలకుండా ఎడంగా నడుస్తాం కదూ. బళ్ళకూ అదే నియమం. ముందు బండి హఠాత్తుగా ఆగినా తాను ఆగగలిగినంత దూరం వెనకబండి వుంచాలని 1989 నాటి రోడ్డు నియమాల్లో వుంది, 2017లో వాటి స్థానంలో వచ్చినవాటిలోనూ వుంది. 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. లారీ వెనక పది పదిహేను అడుగుల దూరంలో వెళ్ళిన కారు, లారీ ఆగగానే గుద్దేసింది. ఆ దూరం చాలదు, తప్పు కారు నడిపినవారిదేనని కోర్టు తేల్చింది.

మరి ముందువాడికి నియమాలు లేవా? ఉన్నాయి. అదే 2018లో ఇంకో కేసు. రాత్రివేళ నడిరోడ్డు మీద లైట్లు, గుర్తులు ఏమీ లేకుండా నిలిపిన గ్యాసు ట్యాంకరును కారు గుద్దింది. హైకోర్టు కారువారికీ తప్పులో వాటా వేస్తే, సుప్రీంకోర్టు ఆ వాటా కొట్టివేసింది.

ఒక్కొక్కసారి తప్పు పంచుతారు. కోయంబత్తూరు దగ్గర 2017లో హైవే మీద ఒక కారు హెచ్చరిక లేకుండా బ్రేకు వేసింది. వెనక మోటారుసైకిలు మీద వస్తున్న విద్యార్థి దానికి తగిలి పడిపోయాడు. ఆ వెనక బస్సు అతని మీదనుంచి పోయింది. కాలు తీసేయాల్సి వచ్చింది. 2025లో సుప్రీంకోర్టు కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, దూరం వుంచనందుకు విద్యార్థికి 20 శాతం తప్పు వేసింది. మొత్తం పరిహారం సుమారు 1 కోటి 14 లక్షలు. అతని వాటా పోగా సుమారు 91 లక్షలు వచ్చింది. చూశారా, "కొంత తప్పు మనదే" అన్నంత మాత్రాన మొత్తం పోదు. వెనక సీటులో కూర్చున్న మనకైతే మన బండి నడిపినవారి తప్పు అంటదు. రెండు బళ్ళవారిలో ఎవరినుంచైనా పూర్తి పరిహారం అడగవచ్చునని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఇవన్నీ రుజువు చెయ్యాలి. ముందు మనిషిని ఆసుపత్రికి చేర్చండి. తర్వాత ఇంట్లో ఒకరు ఆ చోటికి వెళ్ళి ఫోటోలు తీయాలి. ముందుబండి వెనక లైట్లు, మెరిసే పట్టీలు ఉన్నాయా? బండి రోడ్డు మీద ఆగిందా, పక్కనా? బ్రేకు చారలు ఎక్కడ మొదలయ్యాయి? సొట్ట మధ్యలో పడిందా, మూలనా? మూలన పడితే, ముందుబండి అడ్డంగా దూరి వుండవచ్చు. దగ్గరి కొట్లలో కెమెరాలుంటే ఆ రోజే అడగండి, కొద్ది రోజుల్లో పాత బొమ్మలు చెరిగిపోతాయి. చూసినవారి పేరు, ఫోను నంబరు రాసుకోండి. ఎఫ్.ఐ.ఆర్., పంచనామా నకళ్ళు, ఆసుపత్రి బిల్లులు ఒకే సంచిలో భద్రం చెయ్యండి. ఎఫ్.ఐ.ఆర్.లో జరిగింది సరిగా లేకపోతే రాతపూర్వకంగా చెప్పండి. రాజీ కాగితం మీద చదవకుండా సంతకం వద్దు.

పరిహారం కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేస్తారు. అక్కడ క్రిమినలు కేసులో మాదిరి అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యనక్కరలేదు. ఇలా జరిగివుండడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. ప్రమాదం ఎక్కడ జరిగినా, మనం వుండే ఊళ్ళోనూ వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన సవరణ ప్రకారం గడువు ఆరు నెలలు. దుఃఖంలో ఆ నెలలు ఇట్టే గడిచిపోతాయి, జాగ్రత్త. వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవారికి, ఆదాయంతో పనిలేకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు.

మా పక్కింటి అమ్మాయి తమ్ముడు ఆ మర్నాడే వెళ్ళి లారీ వెనకభాగం ఫోటో తీసి వుంచాడు. బురద తప్ప మెరిసే పట్టీ జాడ లేదు. పక్కనున్న టీకొట్టతను, లారీ సాయంత్రంనుంచీ లైట్లు లేకుండా అక్కడే వుందని సాక్ష్యానికి వస్తానన్నాడు. అయిదో నెలలో కేసు వేశారు, విచారణ నడుస్తోంది. తీర్పు ఎలా వస్తుందో నేను చెప్పలేను. "నాన్నదే తప్పట కదా" అని పెద్దపిల్ల అడిగితే మాత్రం, ఇప్పుడా అమ్మాయి తలవంచుకోవడం లేదు. "అది కోర్టు తేలుస్తుందమ్మా" అంటోంది.