గేరు పడదు, వారంటీ పలకదు

ఉప్పల్ చౌరస్తాలో ఉదయం కారు నడిపేవారి ఎడమ కాలికి విశ్రాంతి ఉండదు. 2018లో మొదలైన నారపల్లి పైవంతెన పనులు ఏళ్ళ తరబడి సాగి రోడ్డును ఇరుకు చేశాయి. నాచారం పారిశ్రామికవాడలో లారీల వెనక అడుగడుగునా క్లచ్ తొక్కక తప్పదు. అందుకే స్టాఫ్ రూములో కూర్చున్నా, పాత విద్యార్థులు కలిసినా రెండు మాటలు వినిపిస్తుంటాయి: "క్లచ్ పోయిందట", "వారంటీలో రాదట". ఈ రెండు మాటల మధ్య ఉన్న తిరకాసును విప్పి చెప్పాలని నా ప్రయత్నం.

ఇంజను తిరుగుతూనే ఉండాలి, చక్రాలు మాత్రం ఆగాలి. ఈ రెంటికీ మధ్యవర్తి క్లచ్. ఇంజను ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు నొక్కుకొని ఉంటుంది. పెడల్ తొక్కితే పట్టు విడుస్తుంది. సగం తొక్కి ఉంచితే జారుతూ, రాసుకుంటూ, వేడెక్కి అరుగుతుంది. చెప్పు అడుగు అరిగినట్టు అరిగే వస్తువు గనుక చాలా కంపెనీలు దాన్ని వారంటీలోంచి తీసేస్తాయి. ఇందులో అన్యాయమేమీ లేదు.

చిక్కల్లా, గేరు పడని ప్రతి కారుకూ 'క్లచ్ అరిగింది' అని ఒకే చీటీ రాయడంలో ఉంది. రోగాలు వేరు, లక్షణాలు వేరు. ఇంజను మోత పెరిగినా వేగం పెరగకపోతే సాధారణంగా ప్లేటు అరిగినట్టు. ఇంజను ఆపితే గేర్లన్నీ సులువుగా పడి, స్టార్టు చేశాక మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబులో, హైడ్రాలిక్ భాగమో చూడాలి. బండి పోతుండగా ఒక్క గేరే గరగరలాడితే అనుమానం గేరుబాక్సులోని సింక్రోనైజర్ రింగు మీద. గేరు మార్చేటప్పుడు లోపల తిరిగే భాగాల వేగాలను సమం చేసేది అదే. గేరుబాక్సు సాధారణంగా వారంటీలో ఉంటుంది.

నా కారు ఏడాది తిరక్కుండానే రెండో గేరు దగ్గర గరగరమన్నది. "మీ డ్రైవింగ్ అలవాటు సార్, ప్లేటు మార్చాలి" అన్నారు సర్వీసు సెంటరువాళ్ళు. "మిగతా గేర్లకు లేని అలవాటు రెండోదానికే ఎందుకొచ్చిందో జాబ్ కార్డు మీద రాసివ్వండి" అన్నాను. రాయలేదు గానీ, ఫోర్‌మన్ స్వయంగా బండెక్కి నడిపి చూశాడు. వారానికి రింగు మారింది, పైసా ఖర్చు లేకుండా.

కనుక నోటిమాటతో వాదించకండి. లక్షణం, తేదీ, కిలోమీటర్లు ప్రతిసారీ జాబ్ కార్డు మీద రాయించి కాపీ దాచండి. కాదంటే కారణం రాతలో అడగండి. అప్పటికీ తేలకపోతే, 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కారు ఎక్కడ కొన్నా, మనం ఉంటున్న జిల్లాలోనే రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల వరకైతే రుసుము లేదు. లోపం తేల్చడానికి కమిషన్ పరీక్షకూ పంపగలదు. సలహాకు 1915 నంబరు ఉంది.

అయితే కొత్త కారే వస్తుందని ఆశపడవద్దు. క్లచ్ లోపంపై వచ్చిన మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, చెడిన భాగం మార్చాలే తప్ప బండి మొత్తం మార్చనక్కరలేదన్నది. ఆ చెడిన భాగం ఏదో తేల్చేది, మొదటి రోజే రాయించుకున్న కాగితం.