రాతి నేలలో నారేపి

లేపాక్షి చుట్టూ గ్రానైటు గుట్టలు, పలచని ఎర్రమట్టి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత కరువు సీమలోనూ ఎవరూ నీళ్లు పోయకుండా అడవిలో నిలబడే చెట్టు నారేపి. ఏపి అనీ అంటారు. ఈ సీమ పిల్లలందరికీ దీన్ని గుర్తుపట్టడం రావాలి.

ముందు ఆకు చూడండి. ఒకే తొడిమకు రెండు చిన్న ఆకులు మొదట్లో ఆనుకుని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటాయి. పొరబడితే ఆరె చెట్టుతో పొరబడాలి. ఆరె ఆకు ఒక్కటే, కొసన మాత్రం చీలి ఉంటుంది. నారేపివి పూర్తిగా విడివడిన రెండు ఆకులు. కొమ్మల చివర్లు సన్నగా కిందికి వాలుతాయి. ముదురు చెట్టు బెరడు గరుకుగా పగుళ్లు తేలి ఉంటుంది.

ఎండాకాలంలో పండే కాయ పలచని రెక్కలా ఉండి, కొసన ఒకే గింజ ఉంటుంది. మే నెల గాలికి కాయ మొత్తంగా ఎగిరిపోతుంది. చలిదేశాల మేపుల్ విత్తనానికీ రెక్క ఉంటుంది. రెండు చెట్లకూ చుట్టరికం లేదు, గాలిని వాడుకునే ఉపాయం ఒక్కటే.

ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి హార్డ్‌వికియా బైనేటా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే.

అసలు విశేషం నేల కింద ఉంది. మొలక తొలి ఏళ్లలో పైకి నిదానంగా ఎదుగుతుంది, తల్లివేరు మాత్రం రాతి పగుళ్లు వెతుక్కుంటూ లోతు తేమ దాకా దిగుతుంది. మోకాలెత్తు మొక్కను చూసి గిడసబారిందనుకుని పీకేయడం ఎంత అన్యాయమో! నీరు నిలిచే చోట మాత్రం ఇది బతకదు.

చేవ ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. తమిళనాట ఆచా అని పిలిచే ఈ కొయ్యతోనే నాదస్వరం చేస్తారు. బెరడు నారతో తాళ్లు పేనేవారు. కరువులో ఆకు పశువుల మేత. ఆ మేత కోసమే కొమ్మలన్నీ నరికేస్తే చెట్టుకు కాపు ఉండదు. పైగా ఇది ఏటా విరగకాసే చెట్టు కాదు. కాసిన ఏడాది మొలిచినవాటిని మేకలు కొరికేస్తే అడవికి కొత్త తరం దక్కదు.

పెంచాలనుకునేవారు మేలో కాయలు ఏరి, తొలకరి పదునులో నేరుగా నేలలోనే విత్తుకోవడం మంచిది. సంచిలో పెంచితే తల్లివేరు అడుగున మెలి తిరుగుతుంది. విత్తిన చోట కొన్నేళ్లపాటు ముళ్లకంప కంచె తప్పనిసరి.