ఉప్పెన తీరాన గూడు

మానవుని ప్రాథమికావసరాలలో కూడు, గుడ్డల తరువాత చెప్పదగినది గూడు. అయితే ఎండవానల నుండి కాపాడినంత మాత్రాన అది మంచి ఇల్లు అనిపించుకోదు. ఆపదను తట్టుకోవాలి, తరతరాలు నిలవాలి, అందులో నివసించేవారి బ్రతుకుతెరువుకు ఆసరా కావాలి. ఈ మూడు గుణాలకూ పరీక్ష పెట్టిన నేల కృష్ణా డెల్టా దిగువ ప్రాంతం.

మోపిదేవి దాటి పులిగడ్డ చేరగానే కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం వరకు వ్యాపించిన లంకభూమియే దివిసీమ. దానికి ఈశాన్యాన గల మచిలీపట్నం 17వ శతాబ్దంలో డచ్చి, ఆంగ్లేయ, ఫ్రెంచి వర్తకులను ఆకర్షించిన రేవు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లలో ఆ చరిత్ర నేటికీ వినిపిస్తుంది. 1864 నవంబరు 1న ఉప్పెన ఈ పట్టణాన్ని ముంచెత్తింది. పట్టణంలోను, పరిసర గ్రామాలలోను సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. 1977 నవంబరు 19న అటువంటి విపత్తే దివిసీమపై విరుచుకుపడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు తీరగ్రామాలను తుడిచిపెట్టింది. వేలాది ప్రాణాలు గాలిలో కలిసిపోయాయి.

తుపానులో ఇల్లు ఎందుకు కూలుతుంది? కప్పు మీదుగా అతివేగంగా సాగే గాలి దానిని పైకి లాగుతుంది. కప్పు దూలాలకు, దూలాలు గోడలకు, గోడలు పునాదికి గట్టిగా బంధింపబడకపోతే పైకప్పు ఎగిరిపోతుంది. తీరవాసుల చుట్టిళ్లలో ఈ ఎరుక కనిపిస్తుంది. గుండ్రని గోడపై శంకువు వలె దిగే తాటాకు కప్పు చుట్టూ గాలి జారిపోతుంది. కాని ఉప్పెన నీటికి మట్టిగోడలు నిలువలేవు.

1977 తరువాత ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ కాంక్రీటు కప్పుల ఇళ్లను, ఎత్తైన తుపాను రక్షణ భవనాలను నిర్మించాయి. 1990 మే 9న మరొక పెనుతుపాను కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని తాకింది. ముందస్తు హెచ్చరికలతో లక్షమందికి పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపే ఉన్నది. హెచ్చరిక, దారి, ఆశ్రయం అనే మూడూ కలిసినప్పుడే ఇల్లు మనిషిని రక్షిస్తుందని ఈ అనుభవం నిరూపించింది.

అయినా కాంక్రీటు ఒక్కటే సర్వరోగనివారిణి కాదు. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కప్పు పెచ్చులూడుతుంది. పాత పట్టణాలలోని సున్నపు గోడలు తేమను పీల్చి తిరిగి విడుస్తాయి. వాటిపై సిమెంటు పూస్తే తేమ లోపలనే చిక్కుకొని గోడను తినివేస్తుంది. అటువంటి ఇళ్లను పడగొట్టడం కన్న సున్నంతోనే బాగుచేసి, కప్పును బంధించి, మురుగుకాలువలను చక్కదిద్దడం మేలు. అప్పుడు ఖర్చూ తగ్గుతుంది, చరిత్రా మిగులుతుంది.

ఇంటికి వృత్తితో గల బంధం మరువరానిది. పెడన చేనేతకారుని ఇంటిలోనే గుంటమగ్గం ఉంటుంది. పై అంతస్తులో గది ఇస్తే మగ్గానికి చోటు లేదు. పల్లపు నేలలో ఇల్లు ఇస్తే గుంటలో నీరు చేరుతుంది. అతనికి కావలసినది మెరకచేసిన స్థలం. జాలరికి భద్రమైన ఇల్లు ఇచ్చినా, అది పడవకు, వలకు దూరమైతే అతడు మరల తీరానికే చేరుకుంటాడు.

ఇంటికి ఆవల మరొక గోడ అవసరం. కృష్ణా ముఖద్వారంలోని మడ అడవులు అలల ఉధృతిని తగ్గించే సజీవ ప్రాకారాలు. వాటిని నరికి ఇంటిని ఎంత గట్టిగా కట్టినా ప్రయోజనం స్వల్పమే.

కనుక పునర్నిర్మాణమంటే ఇటుకలను పేర్చడం మాత్రమే కాదు. గతం నేర్పిన పాఠానికి నేటి విజ్ఞానాన్ని జోడించి, నివసించబోయేవారి మాట విని కట్టిన ఇల్లే ఉప్పెన తీరాన నిలుస్తుంది.