ఆవిరిపట్టిన ముఖముపై నీటిబొట్టులు

తెలుగువారి యిండ్లలో ఆవిరిపట్టుట క్రొత్త విషయము కాదు. పడిసెము పట్టి ముక్కు బిగిసినపుడు వెడల్పు గిన్నెలో నీరు మరగించి, అందులో చిటికెడు పసుపో, గుప్పెడు వావిలాకో, తులసియో వేసి, తలమీదుగా దుప్పటి కప్పుకొని ఆవిరి పీల్చుట తరతరములుగా వచ్చుచున్నది. ఇపుడు ముఖము నునుపెక్కుట కొరకును, మొటిమలు తగ్గుట కొరకును ఈ పద్ధతిని అనుసరించువారు పెక్కురు. వారిలో ఉన్నత పాఠశాల విద్యార్థులును ఉన్నారు.

పది నిమిషములైన పిదప దుప్పటి తీసి చూచుకొన్నచో ముఖమంతయు తడిసి, బొట్టుబొట్టుగా నీరు కారుచుండును. చర్మరంధ్రములు తెరచుకొని లోపలి మలినమంతయు చెమటగా బయటికి వచ్చినదని చాలమంది అనుకొందురు. ఈ మాటలో నిజమెంత? వంటింటిలోని స్టీలు గరిటె దీనికి సమాధానము చెప్పగలదు.

గరిటె చెప్పు సాక్ష్యము

ఒక గిన్నెలో నీరు మరగించి, పొయ్యిమీద నుండి దింపి, బల్లమీద పెట్టుడు. చల్లని పొడి గరిటె నొకదానిని కాడ పట్టుకొని గిన్నెకు జానెడెత్తున ఉంచుడు. కొద్ది క్షణములలో గరిటె మసకబారును. పిమ్మట సన్నని బొట్టులేర్పడి, ఒకదానితో నొకటి కలిసి, క్రిందికి జారును. గరిటెకు స్వేదగ్రంథులు లేవు, చర్మరంధ్రములును లేవు. ఆ నీరు గిన్నెలోనిదే. ఆవిరిరూపమున పైకి వచ్చి, చల్లని లోహము తగులగానే తిరిగి నీరైనది. దీనినే సాంద్రీకరణ మందురు.

ముఖముపై జరుగునదియు ఇదే. మామూలుగా చర్మపు ఉష్ణోగ్రత సుమారు 33 లేక 34 డిగ్రీల సెంటీగ్రేడు ఉండును. గిన్నెపైని గాలి అంతకంటె వేడిగానుండి, నీటి ఆవిరితో నిండియుండును. ఆ గాలి చర్మమును తాకి చల్లబడినపుడు అంతటి ఆవిరిని మోయజాలక, మిగులును చర్మముపై విడిచిపెట్టును. వేడికి కొంత చెమట పట్టుట నిజమే. ఆవిరితో నిండిన గాలిలో ఆ చెమట ఆరిపోక నిలిచియుండును. అయినను ముఖమున కారు నీటిలో గిన్నెనుండి వచ్చిన భాగమును మరువరాదు. ఇక చెమటలో నున్నది ముఖ్యముగా నీరు, కొంత ఉప్పు. శరీరమందలి వ్యర్థములను తొలగించు పని ప్రధానముగా మూత్రపిండములది, కాలేయముది.

గరిటెను మరికొంతసేపు అక్కడనే ఉంచినచో మరియొక విశేషము కనబడును. గరిటె వేడెక్కినకొలది క్రొత్త బొట్టులేర్పడుట తగ్గిపోవును. ముఖముపై మాత్రము అట్లు తగ్గదు. చర్మము క్రింద ప్రవహించు రక్తము వేడిని ఎప్పటికప్పుడు మోసికొనిపోవుచు ముఖమును గిన్నెపైని గాలికంటె చల్లగా ఉంచుచుండుటయే కారణము. ప్రయోగశాలలో స్వేదనజలము తయారుచేయు సాంద్రకమును విద్యార్థులు చూచియుందురు. అందు బయటి గొట్టములో చన్నీరు పారుచు లోపలి ఆవిరిని నీరుగా మార్చును. ఆవిరిపట్టు ముఖము అట్టి సాంద్రకమే. చన్నీటికి బదులు అందు రక్తము పారును. ముఖము ఎఱ్ఱబారుట ఈ రక్తప్రవాహము హెచ్చినందువలననే.

ఆవిరిలో దాగిన వేడి

ఆవిరి నీరుగా మారునపుడు చర్మమునకు నీటితోపాటు వేడియు చేరును. ఈ వేడి ఎంతటిదో మొదట లెక్కించి చూపినవాడు జోసెఫ్ బ్లాక్ (1728–1799). ఆయన స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున బోధించుచున్న దినములలో, అనగా 1760 ప్రాంతమున, ఒక సంగతి గమనించెను. మరుగుచున్న నీటికి ఎంత మంట పెట్టినను దాని ఉష్ణోగ్రత పెరుగదు. ఇచ్చిన వేడియంతయు నీటిని ఆవిరిగా మార్చుటకే ఖర్చగును. ఉష్ణమాపకమునకు చిక్కక ఆవిరిలో దాగియున్న ఈ వేడికి గుప్తోష్ణమని పేరు. ఆవిరి తిరిగి నీరైనపుడు దాగిన వేడియంతయు బయటపడును.

ఒక చిన్న లెక్క చూడుడు. 100 డిగ్రీల వేడినీరు ఒక గ్రాము చర్మముపై పడి 37 డిగ్రీలకు చల్లబడినచో అది ఇచ్చు వేడి 63 కెలోరీలు. అదే 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము తగిలినచో అది నీరుగా మారుటలో 540 కెలోరీలు, ఆ నీరు చల్లబడుటలో 63 కెలోరీలు, వెరసి 603 కెలోరీలు ఇచ్చును. ఇది రమారమి పదిరెట్లు. మరుగునీరు కాల్చినదానికంటె ఆవిరి ఎక్కువ కాల్చునని పెద్దలనుటకు కారణమిదే.

కంటికి కనబడు తెల్లని పొగ నిజమునకు ఆవిరి కాదు. అది చల్లబడి సన్నని తుంపరలైన నీరు. అసలైన ఆవిరి కంటికి కనబడదు. మరుగుచున్న కెటిల్ ముక్కును పరీక్షగా చూచినచో, ముక్కు కొనకును తెల్లపొగ మొదలగు చోటునకును నడుమ ఖాళీగా కనబడు కొద్దిపాటి జాగా ఉండును. ఆ ఖాళీజాగాయే అన్నిటికంటె ప్రమాదకరము. విద్యుత్తుతో పనిచేయు ఆవిరియంత్రముల గొట్టము చెంత ముఖము పెట్టరాదనుటకును ఇదే కారణము.

దూరము విలువ

గాలి వేడెక్కినకొలది అది మోయగల నీటి ఆవిరి త్వరత్వరగా పెరుగును. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీలవద్ద సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. 45 డిగ్రీలవద్ద 65 గ్రాములు, 60 డిగ్రీలవద్ద 130 గ్రాములు మోయును. అనగా ప్రతి 15 డిగ్రీలకు ఆవిరి ఇంచుమించు రెట్టింపగుచున్నది. ముఖమును గిన్నెకు దగ్గరగా జరిపినచో గాలి వేడియు హెచ్చును, అందలి ఆవిరియు హెచ్చును. రెండును కలిసి చర్మముపై పనిచేయును. కనుక నాలుగు వేళ్ల దూరము తగ్గినను తేడా కొద్దిపాటిది కాదు.

చర్మము ఎంత వేడిని ఓర్చుకొనగలదు? మోరిట్జ్, హెన్రిక్స్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశోధించి 1947లో ప్రకటించిరి. చర్మము 44 డిగ్రీలకు చేరి అక్కడనే నిలిచినచో అది కాలుటకు సుమారు ఆరు గంటలు పట్టును. 60 డిగ్రీలవద్ద అయిదు సెకండ్లు చాలును. 70 డిగ్రీలవద్ద ఒక సెకను కూడ పట్టదు. హాయికిని గాయమునకును నడుమ ఎడము ఎంత స్వల్పమో ఈ అంకెలే తెలుపుచున్నవి.

చర్మమునకు కలుగు మేలు

చర్మరంధ్రములు వేడికి తెరచుకొని, చన్నీటికి మూసుకొనునని ఒక నమ్మకము కలదు. ఈ రంధ్రములను తలుపువలె తెరచి మూయు కండరమేదియు చర్మములో లేదు. చలికి రోమములను నిక్కబొడుచు కండరములు వేరు. అవి రంధ్రమును మూయవు.

అయినను ఆవిరివలన ఉపయోగము లేకపోలేదు. చర్మపు పైపొర మృతకణములతో ఏర్పడినది. అది నీటిని పీల్చుకొని మెత్తబడును. ఎక్కువసేపు నీటిలో నానిన వేళ్లు మెత్తబడుట అందరు నెరిగినదే. తైలగ్రంథుల నుండి వచ్చు జిడ్డు వేడికి పలుచబడును. ఆ తరుణమున ముఖము కడిగినచో జిడ్డు, మృతకణములు కొంత సులువుగా తొలగును. ఇంతకుమించి ఆశింపరాదు. ముక్కుమీది నల్లచుక్కలు మురికి అని తలచి విద్యార్థులు గోళ్లతో గిల్లుదురు. అవి మురికి కావు. గాలి తగిలి మారిన జిడ్డును, చర్మమునకు రంగునిచ్చు మెలనిన్‌ను కలిసి ఆ నలుపు వచ్చినది. మొటిమలకు యౌవనమున హార్మోనుల ప్రభావముచే జిడ్డు హెచ్చుట, రోమకూపము పూడుకొనుట, అందు సూక్ష్మజీవులు పెరుగుట కారణములు. ఆవిరి వీనిని మాన్పలేదు. ఎఱ్ఱగా వాచిన మొటిమలపై వేడి తగిలినచో మంట హెచ్చవచ్చును.

పడిసెము సంగతియు చెప్పవలెను. ఆవిరి పీల్చినవారికి కొంతసేపు హాయిగా నుండవచ్చును. కాని పడిసెమునకు వెచ్చని తేమగాలి మేలుచేయునని పరీక్షలలో రుజువు కాలేదని 2017లో వెలువడిన కొక్రేన్ సమీక్ష తేల్చినది. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినపుడు ఆవిరిచే ఆ వైరసు నశించునని పలువురు నమ్మిరి. వైరసు మన కణముల లోపల పెరుగును. దానిని చంపగల వేడి ఆ కణములను కూడ చంపును.

ప్రాచీనుల జాగ్రత్త

ఆయుర్వేదమున చెమట పట్టించు చికిత్సకు స్వేదనమని పేరు. చరకసంహిత సూత్రస్థానములోని పదునాలుగవ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. కండ్లు, హృదయము మొదలగు చోట్ల స్వేదనము మృదువుగా చేయవలెను, లేదా అసలే చేయరాదు అని అందు చెప్పబడినది. కంటి చెంతకు వేడి పోనీయరాదను ఈ హెచ్చరిక నేటికిని పాటింపదగినది.

ఇంట చేయు పద్ధతి

ఆవిరిపట్టుటలో కలుగు పెద్ద గాయములు ఆవిరివలన కంటె గిన్నె తలక్రిందై వేడినీరు ఒడిలో పడుటవలన ఎక్కువగా కలుగుచున్నవి. కనుక మొదట చూడవలసినది గిన్నె నిలుకడ. అడుగు వెడల్పుగానున్న బరువైన గిన్నెను తీసికొని, సగమువరకే నీరు పోసి, కదలని బల్లపై పెట్టవలెను. ఒడిలోను, మంచముపైన పరుపుమీదను పెట్టుకొనరాదు. వెలుగుచున్న గ్యాసు పొయ్యిపై వంగి ఆవిరి పట్టరాదు. తువాలుకో, జుట్టుకో మంట అంటుకొనవచ్చును.

నీరు మరిగిన పిదప పొయ్యి ఆర్పి, కొన్ని నిమిషములు ఆగవలెను. ముఖము వంచుటకు ముందు ముంజేతి లోపలివైపును గిన్నెపై నుంచి చూడవలెను. అక్కడ ఓర్చుకొనలేని వేడి ముఖమునకు పనికిరాదు. గిన్నెకును ముఖమునకును జానెడున్నర ఎడము ఉండవలెను. కండ్లు మూసికొని, అయిదు మొదలు పది నిమిషములు చాలును. చురుక్కుమన్నచో వెంటనే తల ఎత్తవలెను. పిమ్మట ముఖము గోరువెచ్చని నీట కడిగి, రుద్దక, మెత్తని గుడ్డతో అద్దవలెను. తడి ఆరుటలో చర్మము తన తేమను గూడ కోల్పోవును. అందుచే పలుచగా ఏదైన లేపనము రాచుట మంచిది. నూనె లేపనములు మొటిమలున్నవారికి పడవు.

చిన్నపిల్లలకు ఈ విధమున ఆవిరి పట్టరాదు. ఉబ్బసమున్నవారును, ముఖము తరచు ఎఱ్ఱబారి మండు చర్మవ్యాధి ఉన్నవారును వైద్యుని అడుగకుండ దీనికి పూనుకొనరాదు.

ప్రమాదవశమున కాలినచో ఆ చోటును వెంటనే కుళాయి క్రింద పారు చల్లని నీటిలో ఇరువది నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయరాదు. కాలినది ముఖము కాని, కన్ను కాని అయినచో, లేక బొబ్బలెక్కినచో, నీరు పోసిన పిదప వైద్యుని వద్దకు పోవలెను. గుప్తోష్ణమును పరీక్ష కొరకు నేర్చిన విద్యార్థి ఇంటిలో ఒక పసివానిని గిన్నె చెంతనుండి దూరముగా జరిపినచో, ఆ పాఠము సార్థకమైనట్లే.