గంగవాయిలికి పొద్దున పులుపెందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో ఖాళీ స్థలం కనిపిస్తే ఒకసారి వంగి చూడండి. ఎర్రని కాడలు, దళసరి చిన్న ఆకులతో నేలమీద పరుచుకున్న కలుపుమొక్క ఉందా? మన ఇళ్లలో పప్పులో వేసే గంగవాయిలికూర అదే. నీరందని చోట దీన్ని తెల్లవారగానే కోస్తే పులుపెక్కువ, సాయంత్రం కోస్తే తక్కువ. ఎందుకు?

చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. అప్పుడు ఆకుల్లోని నీరూ ఆవిరై పోతుంది. నీటి ఎద్దడి వస్తే గంగవాయిలి ఉపాయం మారుస్తుంది. పగలు రంధ్రాలు మూసుకుని, చల్లని రాత్రివేళ తెరుస్తుంది. లోపలికి వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకుల్లో దాచుకుంటుంది. ఆపిల్‌కు పులుపునిచ్చేదీ ఈ ఆమ్లమే! తెల్లవారాక ఆ ఆమ్లం నుంచి వాయువును విడదీసి, సూర్యకాంతితో చక్కెర తయారు చేసుకుంటుంది. ఆమ్లం ఖర్చయ్యే కొద్దీ పులుపు తగ్గుతుంది.

మీరే పరీక్షించండి. రెండు కుండీల్లో గంగవాయిలి పెంచండి. ఒకదానికి రోజూ నీళ్లు పోయండి; రెండోదానికి రెండు వారాలు బాగా తగ్గించండి. పొద్దున, సాయంత్రం ఒక్కొక్క ఆకు కడిగి రుచి చూడండి. తేడా ఏ కుండీలో ఎక్కువ?

ఒక హెచ్చరిక: కాడ తుంచితే పాలు కారే మొక్క గంగవాయిలి కాదు, దాన్ని తినరాదు. మురికికాలువ పక్కన మొలిచినదీ కూరకు పనికిరాదు. ఇంట్లో పెద్దలకు చూపించాకే వండించుకోండి.