పాత వీడియో పెట్టెల్లో చిక్కిన జ్ఞాపకాలు
చౌక ఎంపీ4, ఎంపీ5 ప్లేయర్లలో మిగిలిపోయిన దృశ్యాలు.. చెరిగిపోకముందే దించుకునే మార్గమిదీ

అరచేతిలో ఇమిడే పెట్టె. ఒకవైపు రెండంగుళాల తెర, మరోవైపు కందిగింజంత కెమెరా కన్ను. పాట వినవచ్చు, సినిమా చూడవచ్చు, ఎదుట జరిగేదాన్ని రికార్డు చేసుకోవచ్చు. 2005 తర్వాత దాదాపు పదేళ్లపాటు తెలుగు పల్లెల్లో పెళ్లికీ, జాతరకూ, పొలం గట్టుకూ తోడుగా నడిచిన ఈ చౌక వీడియో ప్లేయర్లు ఇప్పుడు బీరువా అరల్లో, పాత కరెంటు బిల్లుల అడుగున మూలుగుతున్నాయి. పాత సామాను బండికి వేస్తే వాటికి వచ్చేది గుప్పెడు ఉల్లిగడ్డలే. అయితే కన్నుమూసిన పెద్దల మాటలు, పిల్లల తొలి అడుగులు అనేక ఇళ్లలో ఈ పెట్టెల్లోనే ఉండిపోయాయి. వాటికి మరో ప్రతి లేదు. ఆడుతున్నంత కాలం ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఒక మనిషి పోయాక, సంవత్సరీకం నాడు ఆ గొంతు వినాలని పెట్టెను బయటికి తీస్తే తెర వెలగదు.

ఎడారి దాటి వచ్చిన పెట్టె

ఖరీదైన వీడియో ప్లేయర్లు తొలుత వచ్చింది విదేశాల్లోనే. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కోస్ సంస్థ 2002లోనే వీడియో ఆడించే జేబు పరికరాన్ని విపణిలోకి తెచ్చింది. యాపిల్ సంస్థ వీడియో చూపే ఐపాడ్‌ను 2005 అక్టోబరులో విడుదల చేసింది. అవి సామాన్యునికి అందే ధరలో లేవు. చైనాలో తయారైన చౌక చిప్‌లతో రూపొందిన నకళ్లే మన వద్దకు చేరాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని బర్మా బజారు వంటి అంగళ్ల నుంచి కొన్ని వచ్చాయి. కోరుట్ల, జగిత్యాల, ఆర్మూరు ప్రాంతాల నుంచీ, రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచీ గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు సెలవులకు వస్తూ అత్తరు సీసాలు, దుప్పట్లతో పాటు మరికొన్నింటిని తెచ్చారు.

వలస కుటుంబాలకు ఇది వినోద సాధనం మాత్రమే కాదు. వీడియో కాల్ లేని ఆ రోజుల్లో బిడ్డ బారసాలను, కొత్త ఇంటి స్లాబును చిత్రించి, ఆ మెమరీ కార్డును తిరుగు ప్రయాణమయ్యే ఊరివాని చేతికి ఇచ్చి పంపిన ఇళ్లున్నాయి. ఉత్తరం చేరినట్లే ఆ గోరంత కార్డు దుబాయి చేరేది.

వరుస సంఖ్య లేని చైనా ఫోన్లది మరో కథ. ఐఎంఈఐ లేని ఫోన్లకు 2009 డిసెంబరు 1 నుంచి కాల్స్ నిలిచిపోయాయి. ఫోనుగా పనికిరాకున్నా పాట, వీడియో, కెమెరా పనిచేస్తూనే ఉండడంతో అవి కూడా ప్లేయర్ల అవతారమెత్తి పిల్లల చేతికి చేరాయి.

పేరులోనే తికమక

పెట్టె మీద ఎంపీ4 అని రాసి ఉన్నప్పటికీ వీటిలో అత్యధికం ఎంపీ4 ఫైలును ఆడించలేవు. ఎంపీ3 అనేది ధ్వనిని కుదించే పద్ధతికి ఉన్న పేరు. అందులోని 3 అంకె మూడో పొరను సూచిస్తుందే తప్ప మూడో తరాన్ని కాదు. పాటలకు 3 అయితే బొమ్మలకు 4 అని వర్తకులు సులువుగా అంటగట్టారు. ఎంపీ5 అనే ప్రమాణమైతే అసలే లేదు. అది అంగట్లో పుట్టిన పేరు.

చౌక చిప్‌కు సినిమాను విప్పి చూపేంత శక్తి లేదు. అందుకే తయారీదారులు ఏఎంవీ అనే సొంత పద్ధతిని పెట్టారు. ఇందులో వీడియో అంటే ఒకదాని వెంట ఒకటిగా పేర్చిన చిన్న చిన్న ఫొటోల కట్ట. 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు గల బొమ్మలో మొత్తం 19,200 చుక్కలుంటాయి. నేటి ఫుల్ హెచ్‌డీ తెరపై ఉండేవి 20,73,600. అంటే 108వ వంతు. సెకనుకు పన్నెండు, పదహారు బొమ్మలే కావడంతో నృత్యం కుదుపులతో సాగేది. అయినా రెండంగుళాల తెరపై అది ముచ్చటగానే ఉండేదని చెప్పక తప్పదు.

ఏ పాటనైనా, సినిమానైనా ముందుగా కంప్యూటరులో ఏఎంవీగా మార్చవలసి వచ్చేది. ఇంట్లో కంప్యూటరు లేనివారు మండల కేంద్రంలోని సెల్ దుకాణాన్ని ఆశ్రయించేవారు. కార్డు ఇచ్చి, బజారు పని ముగించుకుని వచ్చేసరికి పాటలు నిండి ఉండేవి. ఇలా నింపి అమ్మడం చట్టరీత్యా నేరమని కొనేవారికి గానీ అమ్మేవారికి గానీ పెద్దగా పట్టింపు ఉండేది కాదు. కాపీరైట్ చట్టం ప్రకారం ఇందుకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. 2016లో చౌక డేటా వచ్చాక ఈ వ్యాపారం దానంతటదే కనుమరుగైంది.

వాడినవారికే తెలుసు

ఈ పెట్టెతో కాపురం అంత సులువు కాదు. ఎండలో తెర కనిపించదు. గొంగడి కప్పుకుని చూడవలసిందే. పొరపాటున ఏ మీట నొక్కినా భాష చైనీస్‌లోకి మారిపోయేది. తిరిగి ఇంగ్లిషుకు తెచ్చేందుకు గీతలన్నీ వరుసగా నొక్కుకుంటూ పోవడమే గతి. పక్కనున్న హోల్డ్ మీట జరిగిపోయిన సంగతి తెలియక, పెట్టె చెడిపోయిందని దుకాణానికి మోసుకెళ్లినవారు కోకొల్లలు. బిగుసుకుపోయినప్పుడు వెనుక ఉండే సూది బెజ్జంలో పిన్నీసు గుచ్చితే మళ్లీ ప్రాణం వచ్చేది.

కరెంటు కోతల కాలంలో మాత్రం ఇది ఆపద్బాంధవుడే. టీవీ ఆగిపోయిన రాత్రి వాకిట్లో మంచం మీద ఈ చిన్న తెర చుట్టూ నాలుగు తలలు చేరేవి. కొన్నింటికి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల తీగ వచ్చేది. దాన్ని టీవీకి తగిలిస్తే పెద్ద తెరపై చూడవచ్చు. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, కిందికి పైకి జారినా టీవీని తప్పు పట్టవలసిన పని లేదు. పెట్టెలో ఎన్‌టీఎస్‌సీ అని ఉన్నదాన్ని మన దేశ పద్ధతియైన పాల్‌కు మార్చితే సరిపోతుంది. బయటి నుంచి వచ్చే బొమ్మను రికార్డు చేసుకునే మార్గమున్న పెట్టెలతో కొందరు పాత పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్లను కూడా దించుకున్నారు. ఆ ముందుచూపు ఉన్నవారి ఇళ్లలోనే నేడు 1990ల నాటి పెళ్లిళ్లు చూడడానికి మిగిలాయి.

కెమెరా విషయంలో గొప్పలే ఎక్కువ. అట్టపెట్టె మీద 5 మెగాపిక్సెల్ అని ఉన్నా లోపలి కన్ను తరచుగా 0.3 మెగాపిక్సెల్‌దే. మిగతా చుక్కలను చిప్ ఊహించి అతికిస్తుంది. సాయంత్రమైతే ముఖాలు మసకబారుతాయి. అయితే గొంతు మాత్రం ఫరవాలేకుండా నమోదవుతుంది. అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాట, ఊరి చావడిలో చెప్పిన ఒగ్గు కథ, కాటికి సాగనంపిన రోజు డప్పు.. బొమ్మ అలుక్కుపోయినా ఇవన్నీ చెవికి అందుతాయి.

గాదె చిన్నది, చీటీ పెద్దది

ఈ పెట్టెలు చేసిన అసలు ద్రోహం జాగా విషయంలో. పది బస్తాలు పట్టే గాదెకు ఎనభై బస్తాల చీటీ అంటించినట్లు, ఒక జీబీ చిప్‌కు ఎనిమిది జీబీ అని అబద్ధం చెప్పే సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్మిన సరుకు విపరీతంగా వచ్చింది. కంప్యూటరుకు తగిలించినా ఎనిమిదే చూపుతుంది. నిజమైన జాగా నిండిన తర్వాత కొత్తది రాస్తే అది గాలిలో కలుస్తుంది. లేదా పాతదానిపైనే పడుతుంది. జాబితాలో పేరు ఉంటుంది, పరిమాణమూ ఉంటుంది, నొక్కితే మాత్రం ఆడదు. పోయినదాన్ని ఏ మెకానిక్కూ తేలేడు. అక్కడ అది ఎన్నడూ లేదు గనుక.

వాడుతుండగా బ్యాటరీ అయిపోయి ఆగిన వీడియోల సంగతి వేరు. ఏవీఐ, 3జీపీ వంటి ఫైళ్లలో ఏ బొమ్మ ఎక్కడుందో తెలిపే సూచిక సాధారణంగా చివరలో రాయబడుతుంది. ఆపు మీట నొక్కకముందే కరెంటు పోతే ఆ సూచిక పడదు. పుస్తకం ఉంది, విషయసూచిక లేదు అన్నమాట. ఇలాంటివి ఆడకపోయినా పారేయరాదు. ఏవీఐ అయితే వీఎల్‌సీ ప్లేయరు సూచికను తిరిగి కట్టుకుని చూపగలదు.

ఇక తేదీలను నమ్మడానికి లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే లోపలి గడియారం మొదటికి వస్తుంది. 2010లో జరిగిన పెళ్లికి 1980 జనవరి 1 అని తేదీ పడి ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు. ఈ కార్డుల్లో వాడే ఫ్యాట్ పద్ధతిలో కాలం ఆనాటి నుంచే మొదలవుతుంది.

దించుకోవడం ఇలా

ముందుగా చూడవలసింది బ్యాటరీని. వెనుక మూత ఉబ్బి ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ చార్జింగ్ పెట్టరాదు. చాలా పెట్టెల్లో నోకియా ఫోన్లకు వాడే బీఎల్-5సీ నమూనా బ్యాటరీలే ఉండేవి. 2007 ఆగస్టులో ఆ రకంలో మత్సుషిత తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కే అవకాశముందని నోకియాయే హెచ్చరించింది. పేరున్న సరుకే అలా ఉంటే నకిలీల సంగతి చెప్పనక్కర లేదు. ఉబ్బినదాన్ని చెత్తకుండీలో గాని, పొయ్యిలో గాని వేయక ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.

కార్డు బయటికి వచ్చేదైతే పెట్టెతో పనే లేదు. మైక్రో ఎస్‌డీ కార్డును పెద్ద అడాప్టరులో ఉంచి, పక్కనున్న చిన్న తాళాన్ని కిందికి జరిపి, ఆ తర్వాతే కంప్యూటరుకు పెట్టాలి. దీంతో పొరపాటున కూడా కార్డుపై కొత్తగా ఏదీ రాయబడదు. జ్ఞాపకశక్తి పెట్టె లోపలే ఉన్నదైతే మినీ యూఎస్‌బీ తీగ కావాలి. ఇప్పటి ఫోన్ల తీగ దీనికి పట్టదు. పాత కెమెరాల తీగలు, పాత హార్డ్ డిస్కుల తీగలు సరిపోతాయి.

తగిలించగానే ఫార్మాట్ చేయాలా అని కంప్యూటరు అడిగితే వద్దు అనే నొక్కాలి. ఈ ఒక్క మీట దగ్గరే ఎన్నో ఇళ్ల దృశ్యాలు తుడిచిపెట్టుకుపోతున్నాయి. సెల్ దుకాణంలో ఇచ్చేటప్పుడు కూడా ఈ మాట ముందే గట్టిగా చెప్పడం అవసరం. చెరిపివేసిన ఫైలు నిజానికి వెంటనే పోదు. జాబితాలో పేరుకు కొట్టివేత గుర్తు పడుతుంది, సరుకు అక్కడే ఉంటుంది, దానిపై మరొకటి రాసేవరకు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటివాటిని వెలికితీయగలదు. వెలికితీసినదాన్ని అదే కార్డులో దాచకూడదు. వేరే డిస్కులో దాచాలి.

ఫ్లాష్ చిప్‌లో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే అది కొంచెం కొంచెంగా కారిపోతుంది. చౌక చిప్‌లలో మరింత త్వరగా. కాబట్టి వచ్చే దసరాకు చూద్దామనుకునే పని కాదిది.

మొత్తం ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగా ముందు దించాలి. ఏఎంవీ వీడియోలను ఫోన్లు చాలావరకు గుర్తించవు. కంప్యూటరులో వీఎల్‌సీ ఆడిస్తుంది. ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని నేటి ఎంపీ4లోకి మార్చుకోవచ్చు. మార్చినా అసలు ప్రతిని తీసివేయరాదు. బంధువులకు వాట్సాప్‌లో పంపేవారు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. లేకుంటే అసలే పలుచనైన బొమ్మను అది ఇంకా కుదించివేస్తుంది.

ఫైళ్లన్నీ దిగాక ఇంట్లోని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూడడం మేలు. పందిట్లో మూలన నిలబడింది ఎవరో, వెనుక వినిపించే గొంతు ఎవరిదో వారికే తెలుస్తుంది. ఆ పేర్లు, ఊరు, ఏడాది ఒక నోటు పుస్తకంలో రాసి, ఫైలు పేరుగానూ మార్చుకుంటే 1980 జనవరి 1 అనే తప్పుడు తేదీతో ఇక పని ఉండదు.